మా వంతు ప్రార్థన

నా చిన్నప్పుడు, మా అమ్మ పోయిన వారంలో, మా ఇంటికి వచ్చిన ప్రతివారూ ఒక వాక్యం తెచ్చారు. మా నాన్నగారు కలిదిండి దగ్గర ఒక చిన్న ఊళ్లో పాస్టరు. పెంకులు కప్పిన చిన్న గుడి, దాని పక్కనే మాకు రెండు గదుల ఇల్లు, పెరడు దాటితే కొల్లేరు. వచ్చినవాళ్లు చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, నాన్నగారి చేయి పట్టుకుని, బైబిలు తెరిచి ఒక వాక్యం చదివి, నా తల నిమిరి వెళ్లేవారు. అన్నీ మంచి మాటలే. వాటిలో చాలావరకు నాన్నగారు వాళ్లకి నేర్పినవే. ఆయన తలూపుతూ వినేవారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ మాటల మధ్య కూర్చుంటే ఊపిరాడేది కాదు.

అమ్మకి వచ్చింది విషజ్వరం. ముసురు పట్టిన రోజులవి. కొల్లేరు పొంగి రోడ్డు మునిగిపోయింది. ఏలూరు ఆస్పత్రికి వెళ్లాలంటే ముందు దోనెలో అవతలి గట్టుకి చేరాలి. అమ్మని చాప మీద పడుకోబెట్టారు. పైన గొడుగు పట్టుకుని నేను, తల దగ్గర నాన్నగారు. దోనె నడిపే ఆయన వానలో గడ వేస్తున్నాడు. నాన్నగారు పైకే ప్రార్థన చేస్తున్నారు. కాసేపటికి నా వైపు తిరిగి, "నువ్వు కూడా చెయ్యి నాన్నా. చిన్నపిల్లల ప్రార్థన దేవుడు ముందు వింటాడు" అన్నారు.

చేశాను. నాకు తెలిసిన మాటలన్నీ అయిపోతే మళ్లీ మొదటి నుంచి చేశాను. ఒకచోట నీళ్లలో ఎత్తుగా పెరిగిన కిక్కిస గడ్డిలోంచి కొంగల గుంపు ఒక్కసారిగా లేచింది. నీళ్ల మీద అంత తెలుపు ఎప్పుడూ చూడలేదు. ప్రార్థన ఆపి అటు చూశాను. మళ్లీ ఇటు తిరిగేసరికి నాన్నగారి గొంతు ఆగిపోయి ఉంది.

నేను చూపు తిప్పినందుకే అమ్మ పోయిందని నమ్మాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ వచ్చే ఆదివారం గుడి ముందు గంటకి బదులు వేలాడే రైలు పట్టా ముక్కని ఎప్పటిలాగే కొట్టారు. నాన్నగారు ఎప్పటిలాగే తెల్ల చొక్కా వేసుకుని నిలబడి ప్రసంగం చేశారు. గొంతు వణకలేదు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకుని, అయ్యగారి విశ్వాసం చూడండి అని చెప్పుకున్నారు. ఇంట్లో మాత్రం కుటుంబ ప్రార్థన ఆగిపోయింది. అమ్మ ఉన్నప్పుడు సాయంత్రం దీపం వెలిగించగానే ముగ్గురం చాప మీద కూర్చునేవాళ్లం. ఇప్పుడు ఆయన బైబిలు ఒళ్లో పెట్టుకుని, తెరవకుండా అలాగే కాసేపు కూర్చుని లేచిపోయేవారు. నా మొహం చూసేవారు కాదు. కొంగల సంగతి ఆయనకి తెలిసిపోయిందనుకున్నాను. ఒకే ఇంట్లో ఒకరికొకరం అన్నాలు వడ్డించుకుంటూ, ఎవరికి వారం ఒంటరిగా బతికాం.

అలాంటి రోజుల్లో బైబులమ్మగారు వచ్చారు. ఊరూరా నడిచి ఆడవాళ్లకి వాక్యం చెప్పే ఆవిణ్ణి అందరూ అలాగే పిలిచేవారు. చిన్న వయసులోనే భర్త పోయారు. తెల్ల చీర, నల్ల గొడుగు, భుజాన గుడ్డ సంచి. అమ్మ పోయినప్పుడు ఆవిడ పై ఊళ్లకి వెళ్లి, దారులు మునిగి అక్కడే చిక్కుకుపోయారు. తిరిగి రాగానే తిన్నగా మా ఇంటికి వచ్చారు. సంచిలోంచి బైబిలు తీస్తారని చూశాను. తీయలేదు. సంచి మేకుకి తగిలించి, ఎవరో పంపిన బొమ్మిడాయి చేపలు ముందేసుకుని, జిగురు పోయేలా బూడిద రాయడం మొదలుపెట్టారు. నేను దగ్గర కూర్చున్నాను.

చాలాసేపటికి, "ప్రార్థన చేసుకుంటున్నావా బాబూ?" అని అడిగారు.

"లేదండీ" అన్నాను. అక్కడితో ఆగకుండా, "ఇంక చేయను" అని కూడా అన్నాను.

పాస్టరుగారి అబ్బాయి అనకూడని మాట. తిడతారనుకున్నాను, కనీసం ఒక వాక్యమైనా చెబుతారనుకున్నాను. ఆవిడ చేతిలో చేపని తిప్పి రెండో వైపు రాస్తూ, "సరేలే. నీకు చేయాలనిపించేదాకా నీ వంతు నేను చేస్తాను. దాని గురించి బెంగపెట్టుకోకు" అన్నారు.

"ఎన్నాళ్లు చేస్తారండీ?"

"నువ్వు చాలు అనేదాకా."

అప్పటినుంచి ప్రతి శనివారం, ఊళ్ల మీదకి బయల్దేరేముందు, మా దడి దగ్గర ఆగేవారు. ఈ వారం కూడా నేనే చేయనా అని అడిగేవారు. తలూపేవాణ్ణి. అంతే, గొడుగు తెరిచి వెళ్లిపోయేవారు. ఎందుకు చేయవని ఒక్కసారి కూడా అడగలేదు.

ఒక శనివారం ఆవిడ రాలేదు. మధ్యాహ్నం దాకా చూసి, జ్వరమేమోనని భయమేసి, ఊరి చివర ఉన్న ఆవిడ ఇంటికి వానలోనే వెళ్లాను. సందు మలుపులో నాన్నగారి గొంతు వినిపించి గోడ పక్కనే ఆగిపోయాను. ఆయన ఆవిడ అరుగు మీద తడిసిన చొక్కాతో కూర్చుని ఉన్నారు.

"గుడిలో నోరు ఆడుతుందండీ" అంటున్నారు. "అలవాటు కొద్దీ మాటలొచ్చేస్తాయి. ఇంటికొచ్చి వాడి మొహం చూద్దామంటే ధైర్యం చాలట్లేదు. దోనెలో వాడి చేత కూడా చేయించాను కదమ్మా. చిన్నపిల్లలది ముందు వింటాడని చెప్పాను. ఇప్పుడు వాడికేం చెప్పను?"

"ఏమీ చెప్పకండి అయ్యగారూ" అన్నారు బైబులమ్మగారు.

 నాన్నగారు చాలా చిన్న గొంతుతో, "ఈ వారం కూడా నా వంతు మీరే చేయండమ్మా" అన్నారు.

"చేస్తానండీ. మీదీ చేస్తున్నాను, బాబుదీ చేస్తున్నాను."

"వాడిది కూడానా?" అని నాన్నగారు తలెత్తారు.

అంతమంది ముందు నిలబడి విశ్వాసం గురించి చెప్పే మనిషి ఇలా అడుగుతున్నాడా అని ముందు నాకు కోపం వచ్చింది. ఆ కోపం నిలవలేదు. ఆయన నా మీద అలిగి నా మొహం చూడడం లేదనుకున్నాను. సిగ్గుపడి చూడడం లేదని అప్పుడు అర్థమైంది. గోడ చాటు నుంచి ఇవతలికి వచ్చాను. నన్ను చూసి ఆయన కొంచెం జరిగి చోటిచ్చారు. పక్కన కూర్చుని, అన్నాళ్లూ కడుపులో దాచుకున్నది చెప్పేశాను. ప్రార్థన మధ్యలో ఆపేశానని, కొంగల్ని చూశానని, అందుకే అమ్మ పోయిందని.

 ఆయన నా భుజం చుట్టూ చేయి వేసి, "నేనూ చూశాన్రా ఆ కొంగల్ని" అన్నారు.

బైబులమ్మగారు లోపలికెళ్లి మా ఇద్దరికీ తుడుచుకోమని ఒకే తువ్వాలు తెచ్చిచ్చారు. ఆ రోజు ఎవరూ ప్రార్థన చేయలేదు. కానీ ఇంటికి వెళ్లేటప్పుడు నాన్నగారు నా చేయి పట్టుకుని నడిచారు.

ప్రార్థన మా ఇంటికి మళ్లీ రావడానికి క్రిస్మస్ దాటింది. ఒక సాయంత్రం ఆయన దీపం వెలిగించి చాప పరిచారు, మాటలు తడుముకుంటూ మొదలుపెట్టారు, నేను సగంలో కలిశాను. ఆ శనివారం దడి దగ్గర బైబులమ్మగారితో, "ఈ వారం నేనే చేసుకుంటానండీ" అని చెప్పాను. "మంచిది బాబూ" అని ఆవిడ ఎప్పటిలాగే వెళ్లిపోయారు.

పెద్దయ్యాక నేనూ పాస్టరునయ్యాను. చింతలపూడి వైపు ఊళ్లలో చాలాకాలం, చివర్లో తాడేపల్లిగూడెంలో పని చేశాను. ఈమధ్యలో కొల్లేరు చుట్టూ పొలాలు చేపల చెరువులయ్యాయి, గుళ్లలో పెద్ద తెరలు వచ్చాయి, వాక్యాలు తెల్లవారగానే గులాబీ పువ్వుల బొమ్మలతో ఫోన్లోకి వస్తున్నాయి. పంపేవాళ్లని తప్పు పట్టను, నేనూ పంపినవాణ్ణే. కానీ దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్లినప్పుడు మాత్రం బైబిలు సంచిలోనే ఉంచి, మీ వంతు కొన్నాళ్లు నేను చేయనా అని అడిగేవాణ్ణి. కొందరు వారంలో చాలన్నారు. ఒకాయన ఏడేళ్లు చేయించుకున్నారు.

నిరుడు నా భార్య ప్రభువునందు నిద్రించింది. మాకు పిల్లల్లేరు. రిటైరయ్యాక మేం చేరిన ఏలూరులో మా గేటుకి ఆమె ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు, ఆదరణ కూడిక పెట్టారు, భోజనాలయ్యాక అందరూ వెళ్లిపోయారు. అప్పటినుంచి పొద్దున్నే ప్రార్థనకి మంచం అంచున కూర్చుంటే నాకు ఒక్క మాట రాదు. ఎవరైనా పిలిస్తే వెళ్లి ప్రసంగం చేసి వస్తున్నాను, బాగా చెప్పారని అంటున్నారు. ఫోన్ నిండా వాక్యాలు. ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

మొన్నామధ్య మా వీధి గుడి పాస్టరుగారు వచ్చారు. కుర్రాయన. ప్రసంగం చేస్తూ కూడా ఎదురుగా వీడియో తీస్తున్న ఫోన్ వైపే చూస్తారని నాకు ఆయన మీద కొంచెం చిన్నచూపు ఉండేది. ఆదివారం వాక్యం చెప్పమని అడగడానికి వచ్చారు. సరేనన్నాను. ఆయన లేచి గుమ్మం దాకా వెళ్లాక, ఎలా వచ్చిందో, నా నోట్లోంచి వచ్చేసింది.

"పాస్టరుగారూ, నాకు ప్రార్థన రావట్లేదండీ. కొన్నాళ్లు నా వంతు మీరు చేస్తారా?"

ఆయన తెల్లబోయారు. చేతిలో మోగుతున్న ఫోన్ ఆపేసి వెనక్కి వచ్చి, కుర్చీ ఉన్నా నా ఎదురుగా నేల మీద కూర్చున్నారు. "చేస్తానండీ అయ్యగారూ" అన్నారు. వాక్యమేదీ చెప్పలేదు.

బైబులమ్మగారు చేసిన పని చిన్నప్పుడే నేర్చుకున్నానని, దాన్నే జీవితమంతా చేశానని అనుకుంటూ వచ్చాను. ఆ అరుగు మీద తడిసిన చొక్కాతో నాన్నగారు చేసినట్టు అడగడం ఇంకా కష్టమైన పని. అది నేర్చుకోవడానికి నాకు అరవై ఏళ్లు పైనే పట్టింది. ఇల్లు ఇప్పటికీ అలాగే నిశ్శబ్దంగా ఉంది, ప్రార్థనకి నేనింకా నోరు తెరవలేదు. పొద్దున్నే మంచం అంచున కూర్చున్నప్పుడు, ఈపాటికి ఆ కుర్ర పాస్టరుగారు ప్రార్థనలో నా పేరు చెప్పి ఉంటారని మాత్రం అనుకుంటాను.