బుగులు

మా ఇంగ్లీషు మేడంది గుంటూరు వైపు, కాపురం తార్నాకలో. మా నోట తనకు తెలియని మాట వినబడితే చాలు, పాఠం ఆపి, కళ్లజోడు తీసి, "అంటే ఏంటమ్మా?" అని అడిగేవారు. మేం నవ్వుకునేవాళ్లం. "యాంగ్జైటీ"కి మాత్రం తనే అర్థం చెప్పారు: "ఏం జరగబోతుందో తెలియక మనసు పడే బాధ."

తెలంగాణ ఉద్యమం రోజులవి. క్యాంపస్ నుంచి ఊరేగింపుతో వెళ్లిన మా క్లాస్‌మేట్ ఒకడు తిరిగి రాలేదు. ఏ స్టేషన్లో అడిగినా లేడన్నారు. వాళ్లమ్మ ఊరి నుంచి వచ్చి కాలేజీ మెట్ల మీద కూర్చుంది. మేడం వెళ్లి పలకరించారు.

"పానం నిలుస్తలేదు మేడం, ఒకటే బుగులైతాంది," అందామె.

మేడం చెయ్యి కళ్లజోడు దాకా వెళ్లి ఆగిపోయింది. ఆమె పక్కనే మెట్టు మీద కూర్చుని, "నాకూ అంతేనమ్మా," అన్నారు.