కాక నాలుక

మా కాక యాదికొస్తె ముందుగాల ఆయన నాలుకే యాదికొస్తది. ఏ మట్టి కనవడ్డా చిటికెడు నోట్లె ఏసుకునుడు ఆయన అలవాటు.

రోడ్డుకని మొరం తవ్వుకపోయినంక కోరుట్ల కాడ కాక చెల్క ఉత్త గుంటైంది. గడ్డి గూడ మొలువలే. కాక దాంట్ల చెరువు మట్టి నింపిండు, జనుము చల్లి, ఎదిగినంక ఎరువైతదని మట్టిల కలిపి దున్నిచ్చిండు. దున్నినప్పుడల్లా రుచి చూసి, పొయ్యి మీది కూర లెక్క, "ఇంకా కాలే" అంటుండె. ఇంట్ల చిన్నమ్మ వండిన కూరకు సుత గదే మాట.

ఆఖరికి రుద్రంగి గొల్లాయనను బతిమిలాడి, ఎరువు కోసం ఓ రాత్రి గొర్ల మందను చెల్కల పండవెట్టిచ్చిండు. తెల్లారి మేమందరం చూస్తుండంగనే కాక అలవాటుగ వంగి, నల్లగున్న చిటికెడు తీసి నోట్లె ఏసుకున్నడు. చిన్నమ్మ "అయ్యో, గది మట్టి కాదు!" అనేలోపే మింగిండు. కండ్లు మూసుకొని శానాసేపు ఆలోచన చేసిండు.

"గిప్పుడైంది," అన్నడు.

నిజంగనే ఆ ఏడు మక్క మనిషెత్తు లేచింది. గా సంబురంల కాక అన్నానికి కూసున్నడు. బీరకాయ కూర నాలుకకు తాకిచ్చి, "ఇంకా కాలే" అన్నడు.

చిన్నమ్మ గంటె కింద పెట్టింది. "గొర్లను పిలువమంటవా?"