మూడు గట్ల తాబేలు, పొడుగు మెడ తాబేలు

నాకు సంతకం తప్ప రాయటం రాదండి. నేను చెప్తుంటే మా మేడమే రాస్తంది.

ఈ ఎడారి దేశంలో, సీబ్ అనే ఊళ్ళో వాళ్ళ విల్లాలో వంట నాది. మాదీ వాళ్ళదీ గోదావరి పక్కే. సారు వాళ్ళమ్మని పెద్దమ్మగారంటాను. ఆవిడా నాలాగే భర్త పోయినావిడ. కళ్ళు మసక.

పెరట్లో తొట్టిలో ఒక తాబేలుండేది. సారు ముచ్చటపడి కొన్నది. బండరాయిలా అడుగున నోరు తెరుచుకుని పడుంటది. నాలిక మీద వానపాములాంటిది ఆడిస్తది. దాన్ని తిందామని చేప వచ్చిందా, టప్పున మూసేస్తది. పెద్దమ్మగారికి అది కూర్మావతారం. ప్రతి శుక్రవారం వెనక నించి డిప్ప మీద కుంకం బొట్టు పెట్టేది. దాని మెడ పొట్టి, అంత వెనక్కి అందదు.

"మన మొహాన ఎలాగూ లేదు, స్వామికైనా పెట్టుకోనీవే" అనేది.

దానికి జతని సారు ఇంకోటి తెచ్చారు. షాపాయన రెండూ ఒకటే అన్నాడంట. డిప్పలకి నాచు పట్టాక నాకూ అలాగే కనపడ్డాయి. ఒక శుక్రవారం తొట్టి కడగాలని సారు రెండింటినీ బయట పెట్టారు. పెద్దమ్మగారు వంగి కొత్తదాని మీద వేలు ఆనించిందో లేదో, మెడ పాములా సాగి వెనక్కొచ్చింది. వేలు తప్పింది, పైట దొరికింది. ఉడుంపట్టండి! నీళ్ళలో దింపితే గానీ వదల్లేదు.

"రెండూ రేపే షాపుకి పోతాయి" అన్నారు సారు.

పెద్దమ్మగారు భోజనానికి కూర్చుని అన్నం కలుపుతానే ఉంది, ముద్ద ఎత్తలేదు. "ఈ ఊళ్ళో నాకు తెలిసే వారం ఆ బొట్టు పెట్టే శుక్రవారమొక్కటేనే" అంది నాతో.

ఆ మాట మేడమ్ చెవిన పడింది. ఫోన్‌లో వెతికి, "అత్తయ్యా, ఇవి రెండు జాతులంట. పాతదాని వీపు మీద మూడు వరసల గట్లుంటాయి. కొత్తదాని వీపు నున్నన, తోక మీద రంపం పళ్ళు" అని చదివింది.

"నాకు కనపడి చావదుగా!" అంది పెద్దమ్మగారు.

నేను పొడుగాటి అట్లకాడ తెచ్చి చేతికిచ్చాను. సారు రెండింటినీ మళ్ళీ బయట పెడితే, పెద్దమ్మగారు దూరంగా కుర్చీలో కూర్చుని, అట్లకాడ కాడతో ఒక వీపు మీద అడ్డంగా గీసింది. నున్నగా జారిపోయింది. రెండోదాని మీద గీస్తే టక్, టక్, టక్.

"ఇదేరా నాది!"

సారు నవ్వాపుకోలేకపోయారు. "ఉంచుతాను గానీ, బొట్టు కూడా ఆ కాడతోనే. చెయ్యి పెట్టావో, నిన్నే షాపులో ఇచ్చేస్తా."

"ఇచ్చెయ్, ముసల్దాన్ని ఎవడు కొంటాడో చూద్దాం."

మర్నాడు సారు కొత్తదాన్ని బకెట్‌లో పెట్టి కారు దగ్గరికి తీసుకెళ్తుంటే పెద్దమ్మగారు గుమ్మంలోకొచ్చింది.

"ఒరే, అందులో నీళ్ళు పోశావా? ఎండ మండిపోతంది. మెడ పొడుగవటం దాని తప్పా ఏంటి?"

సారు వెనక్కొచ్చి, కుళాయి కింద బకెట్ పెట్టారు.