ఫిల్మ్‌లో నలుపు

2014 వేసవి. విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి సీటీ స్కాన్ గదిలో నేను టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. రోగిని బల్ల మీద సరిగా పడుకోబెట్టి, తల కదలకుండా చూసి, చిత్రాలు తీయడం నా పని. వాటిలో ఏముందో రాసేది రేడియాలజిస్టు, రోగి వాళ్లకు చెప్పేది డాక్టరు. "బతుకుతాడా?" అని బంధువులు అడిగితే "డాక్టరు గారు చెబుతారు" అనాలని మాకు చేరిన కొత్తలోనే నేర్పుతారు.

ఆ ఉదయం నెల్లిమర్ల దగ్గరి పల్లె నుంచి అప్పలనాయుణ్ణి తెచ్చారు. జూట్ మిల్లు కార్మికుడు, యాభై ఇంకా నిండలేదు. పనికి బయల్దేరుతూ చొక్కా గుండీలు పెట్టుకోలేక కూలబడ్డాడట. పిలిస్తే కళ్లు తెరుస్తున్నాడు గానీ కుడిచెయ్యి లేవడం లేదు, నోట మాట లేదు. వెంట భార్య పైడమ్మ, వ్యవసాయం చేసుకునే అన్న సూరినాయుడు వచ్చారు.

స్కాన్‌లో మెదడు ఎడమవైపు లోతున రక్తం కనిపించింది. వార్డులో డాక్టరుకు చూపించమని ఫిల్మ్ కవరులో పెట్టి ఇచ్చాను. కాసేపటికి వరండాలో గొంతులు పెరిగాయి. సూరినాయుడు ఫిల్మ్‌ను కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకుని ఉన్నాడు.

"సూడు పైడమ్మా, నడిమధ్యంతా నల్లగా అయిపోనాది. రగతం గడ్డకట్టీసినాది. ఇంకేటి మిగిల్నాది? వేను గేటు కాడే ఉన్నాది, ఎక్కించేద్దాం."

"డాక్టరు బాబు ఇంకా సూడనేదు బావా!"

"ఆయన సూసేలోగా పేణం పోతే? బయట పోనోణ్ని గడప దాటనిస్తారేటి? నా తమ్ముణ్ని ఈదిలో పడుకోబెట్టమంటావా?"

మా వైపు పల్లెల్లో ఆ పట్టింపు గట్టిది. బయట ప్రాణం పోయినవాణ్ని ఇంట్లోకి తీసుకుపోరు, వాకిట్లోనే ఉంచుతారు. అందుకే ఆశ లేదనిపించిన మరుక్షణం, ఊపిరి ఉండగానే ఇల్లు చేర్చాలని తొందరపడతారు. సూరినాయుడిది రాతిగుండె కాదు. తమ్ముడికి ఆ మర్యాదైనా దక్కాలని అతని ఆరాటం. చూడటంలోనే పొరబడ్డాడు.

నేను వెళ్లి ఫిల్మ్ మీద వేలు పెట్టాను. "ఇందులో రక్తం నల్లగా పడదు బాబూ, తెల్లగా పడుతుంది. ఇదిగో, ఈ తెల్లమచ్చే. నడుమ నల్లగా ఉన్నవి వెంట్రికల్స్, మెదడులో నీరుండే గదులు. మీకూ నాకూ అందరికీ ఉంటాయి."

"మమ్మల్ని ఓదార్సడానికి సెప్తన్నావేటి పాపా?" అన్నాడు అనుమానంగా.

పైడమ్మ దగ్గరికి వచ్చి చూసింది. "అయితే ఆ గదుల్లోకి రగతం ఎల్తే అయ్యీ తెల్లగా అయిపోతాయి కదమ్మా?"

"అవును."

"మరి నల్లగానే ఉన్నాయి."

అంటే ఆశ ఉన్నట్టేనని నేను అనకూడదు. డాక్టరు గారు వచ్చేదాకా కదలవద్దని చెప్పి, లోపలికి పరుగెత్తి ఆయనకు ఫోన్ చేశాను.

ఇలాంటి కేసుల్లో అంచనా వేయడానికి డాక్టర్లు రోగి వయసు, స్పృహ, గడ్డ ఎంత ఉంది, ఎక్కడుంది, వెంట్రికల్స్‌లోకి రక్తం చేరిందా అన్నవి చూస్తారు. అప్పలనాయుడి విషయంలో చాలావరకు అనుకూలంగానే ఉన్నాయి. "ప్రాణానికి ఆశ ఉంది," అన్నారు డాక్టరు గారు. "ఈ రోజు గడ్డ పెరగకుండా ఉండాలి. రేపు మళ్లీ స్కాన్ తీద్దాం. మాట, కుడిచెయ్యి మాత్రం మునుపటిలా రాకపోవచ్చు." సూరినాయుడు మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వ్యాన్‌ను పంపేయడానికి వెళ్లాడు.

మర్నాడు రెండు చిత్రాలూ పక్కపక్కన పెట్టి చూశాం. గడ్డ పెరగలేదు.

చలికాలంలో భార్యాభర్తలు మళ్లీ వచ్చారు. అతను కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, కుడిచెయ్యి వేలాడుతోంది. "బాగున్నారా?" అంటే "ఏటి" అన్నాడు. తలనొప్పి ఉందా అంటే, అప్పుడూ "ఏటి."

"ఆ ఒక్క మాటే మిగిల్నాదమ్మా. ఆకలేసినా ఏటి, కోపమొచ్చినా ఏటి," అంది పైడమ్మ. "బతుకుతాడంటే సాలనుకున్నాం. ఇలాగ బతుకుతాడని తోసనేదు."

ఆనాడు ఫిల్మ్ మీద వేలు పెట్టింది నేనే. అందుకే అడిగాను: "అప్పుడే ఇంటికి తీసుకుపోయి ఉండాల్సిందనిపిస్తుందా?"

ఆమె నోరు తెరిచేలోగా వెనకనుంచి "ఏటీ!" అని గట్టిగా వినిపించింది. పైడమ్మ నవ్వేసింది. "అదిగో, ఇది తిట్టు. నా కబుర్లకి బస్సు ఎల్లిపోతాదని!" అతను ఎడమచేత్తో కర్రను గోడకు ఆనించి, ఆమె సంచీ అందుకోబోయాడు. "ఒరే దేవుడా, పడిపోతావు, వస్తన్నాను," అంటూ ఆమె పరుగెత్తింది.

స్కాన్ చూసి వేసిన అంచనా అంతా నిజమైంది: ప్రాణం నిలిచింది, చెయ్యీ మాటా పోయాయి. అన్ని "ఏటి"లలో తిట్టు ఏదో, ఆకలి ఏదో తెలిసిన మనిషి పక్కన ఉంటుందన్నది మాత్రం ఏ ఫిల్మ్‌లోనూ పడలేదు. అప్పటినుంచి ఫిల్మ్ చేతికిచ్చేటప్పుడే తెలుపేమిటో నలుపేమిటో చెబుతాను. మిగతాది చెప్పగలనని అనుకోను.

ఇప్పుడు మా పాపకు రెండేళ్లు నిండాయి. ఇంకా మాటలు రాలేదు. ఏదైనా స్కాన్ తీసి ముందే చెప్పేస్తే బాగుండునని చాలా రాత్రులు అనుకుంటాను. ఇది రాస్తుండగానే నిద్రలో "ఊ" అంది. ఆకలి "ఊ" కాదది, దుప్పటి జారినప్పటి "ఊ". లేచి వెళ్లి కప్పి వచ్చాను.