మూడు కేజీల బిడ్డ

మా పెద్దపాప పుట్టినప్పుడు మూడు కేజీలు. ఆరేళ్లపాటు నాకు తెలిసిన నిజం అదే. నా భార్య పుట్టిల్లు పులివెందుల. కాన్పు అక్కడే ఒక నర్సింగ్ హోంలో జరిగింది. నేను జమ్మలమడుగులో కాలేజీ పిల్లలకు పాఠం చెబుతుండగా ఫోన్ వచ్చింది. బస్సులు మారి చేరేసరికి అంతా అయిపోయింది. మా అత్త పాపను నా చేతుల్లో పెట్టి, "మూడు కేజీలప్పా, సరిగ్గా మూడు" అంది. అంతకుముందు పసిబిడ్డను ఎత్తుకున్న అనుభవం నాకు లేదు. మూడు కేజీలంటే ఇంత బరువా, అయితే ఇన్నాళ్లూ మా ప్రొద్దుటూరు కూరగాయలావిడ తూకంలో నన్ను మోసం చేస్తోందన్నమాట, అనుకున్నాను.

పాప ఎడమ చెయ్యి కొన్ని వారాలు సరిగా లేవలేదు. "కడుపులో ఒత్తుకోని పడుకునిందిలే" అంటూ అత్త నూనె రాసేది. బద్ధకం నా పోలికేనని నేను జోకు వేశాను. చెయ్యి తర్వాత బాగైంది. జోకును మాత్రం చాలాకాలం వాడుకున్నాను.

రెండో కాన్పు ప్రొద్దుటూరులోనే అనుకున్నాం. ఆరో నెలలో నా భార్యకు షుగర్ కనిపించింది. డాక్టరమ్మ ఓపికగా చెప్పింది: "తల్లి రక్తంలో షుగర్ ఎక్కువుంటే అది బిడ్డకూ పోతుంది. బిడ్డ దాన్ని కొవ్వు చేసి దాచుకుంటుంది, భుజాల దగ్గర, పొట్ట దగ్గర. బిడ్డ లావైతే చూడటానికి బాగుంటుంది, కనడానికి కాదు." తర్వాత అడిగింది, "మొదటి బిడ్డ బరువెంత?"

"మూడు కేజీలు మేడమ్" అన్నాను, తెలిసిన ప్రశ్న వచ్చిన విద్యార్థి ఉత్సాహంతో. పక్కనే కూర్చున్న అత్త పైట కొంగు సర్దుకుంది.

"శానా కష్టమాయె మేడమ్ అప్పుడు" అంది నా భార్య.

"ఎవురికి సుఖమాయెలేమ్మా" అంది అత్త.

అత్త గురించి ఒక మాట చెప్పాలి. వాళ్లది తాతల కాలం నుంచీ క్రైస్తవ కుటుంబం. ఆమె బడిలో టీచరుగా చేసింది. ఉదయం సాయంత్రం ప్రార్థన తప్పదు. బిడ్డకు ఉప్పు తిప్పి దిష్టి తీయడమూ తప్పదు. మొదటిది పాస్టరు గారికి తెలుసు. రెండోది ఆయనకు చెప్పి బాధపెట్టడం ఎందుకని ఆమె ఉద్దేశం.

పథ్యం మొదలైంది. నా భార్య కొర్రన్నం ముందు కూర్చుని ఏడిస్తే, బంధువులు అరిసెలు తెచ్చి ఓదార్చేవారు. "కడుపుతో ఉండే మనిషి, ఇద్దురి తిండి తినల్ల గానీ ఇదేంది?" అనేవారు. నెలలు నిండే కొద్దీ కడుపు చూసి అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం భయం పట్టుకుంది. ఫోన్లో ఏదో చదివాను. చదువుకున్నవాడికి ఉన్న చెడ్డ అలవాటు అది.

నొప్పులు ఒక ఉదయం మొదలయ్యాయి. "బిడ్డ కాస్త పెద్దదే. కానీ మొదటిది మూడు కేజీలు, మామూలు కాన్పు కదా. ప్రయత్నం చేద్దాం" అని డాక్టరమ్మ నా భార్యను లోపలికి తీసుకెళ్లింది. నేనూ అత్తా బయట బెంచీ మీద కూర్చున్నాం. ఇలాంటప్పుడు అత్త పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంటుంది. ఆ రోజు పెదవులు కదల్లేదు. కొంగును మెలిపెట్టి మెలిపెట్టి తాడు చేసింది.

"ఏందత్తా?"

"అప్పా, పాప మూడు గాదు."

"ఏంది మూడు గాదు?"

"కేజీలు. నాలుగున్నర. ఇంకా రోంతెక్కువే." ఆమె నా వైపు చూడలేదు. "తల వచ్చె, భుజం తట్టుకునె. నర్సమ్మలు కాళ్లు ఎత్తి పట్టుకోని పొట్ట కింద ఒత్తిరి. బిడ్డ నీలంగా వచ్చె. శానాసేపు ఏడ్వలే. ఆ చెయ్యి గూడా అందుకే."

"నీ కూతురికన్నా చెప్పల్ల గదా?"

"నాలుగున్నరని తెలిస్తే దిష్టి తగలదా? తల్లి దిష్టే గదప్పా మొదట తగిలేది."

నేను లేచి తలుపు కొట్టాను. నర్సు తల బయటపెట్టి, మగవాళ్లు రాకూడదంది. గంటసేపు ఆగకుండా ఉపన్యసించగలనని కాలేజీలో నాకు పేరు. ఆ క్షణంలో నా నోట్లోంచి వచ్చింది ఒక్క మాట: "నాలుగున్నర."

"ఏంది నాలుగున్నర? ఇంకా పదకొండు గూడా కాలే."

"మొదటి పాప! బరువు! భుజం ఇరుక్కునింది! మేడమ్‌కు చెప్పండి!"

డాక్టరమ్మ బయటికి వచ్చింది. అత్తను రెండే ప్రశ్నలు అడిగింది: భుజం ఎంతసేపు ఆగింది, చెయ్యి ఎప్పుడు లేచింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఆమెకు తిట్టే తీరిక లేదని తర్వాత అర్థమైంది. "ఆపరేషన్ చేస్తున్నాం" అని లోపలికి వెళ్లిపోయింది.

తర్వాత ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. మధ్యలో చూసుకుంటే నా కుడిచెయ్యి నా ఎడమ భుజాన్ని గట్టిగా పట్టుకుని ఉంది. బద్ధకం నా పోలికే. ఎన్నిసార్లు అన్నానో ఆ మాట, ఎంతమంది ముందు. పక్కన అత్త ప్రార్థనకు చేతులు జోడించి, మళ్లీ విడదీసి కొంగు పట్టుకుంది. దేవుడికి కూడా ఏ బరువు చెప్పాలో తేల్చుకోలేకపోయిందేమో.

ఏడుపు వినిపించింది. మగపిల్లవాడు, నాలుగు కేజీల ఆరు వందలు. అత్త వాడి ముఖం చూడలేదు, ముక్కు చూడలేదు. రెండు చేతులూ చూసింది. రెండూ ఆడుతున్నాయి. ఒకటి నర్సు కళ్లజోడుకు తగిలింది.

అయిపోయిందనుకున్నాను. అంతలో నర్సు వాడి మడమ పొడిచి రక్తపు చుక్క తీసింది. "కడుపులో ఉన్నప్పుడు తల్లి షుగర్ వస్తాండె. బొడ్డు కోస్తే అది ఆగిపాయె. అది వస్తాదనే లెక్కలో వీని ఒళ్లు షుగర్‌ను ఇంకా వాడేస్తానే ఉంటాది. అందుకని షుగర్ పడిపోతాది" అంది. పడిపోయింది కూడా. అంత పెద్ద పిల్లవాడు పాలు తాగడానికి ఓపిక లేక నిద్రపోతుంటే, చుట్టం ఒకాయన చూసి "ఎంత బుద్ధిమంతుడో" అన్నాడు. మేము అరికాలు గిల్లి లేపాం, పాలు పట్టాం, మళ్లీ పొడిచారు, మళ్లీ పట్టాం. సాయంత్రానికి అంకె పైకి వచ్చింది. నర్సు నవ్వితే గానీ నేను ఆ అంకెను నమ్మలేదు.

మరునాడు వేంపల్లె నుంచి అత్త చర్చి స్నేహితురాలు వచ్చింది. తొట్టెలోకి వంగి, "అబ్బా! ఎంతుండాడప్పా బిడ్డ?" అని నన్ను అడిగింది.

"మూడు కేజీలు" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు.

"నాలుగు కేజీల ఆరు వందలు చిన్నమ్మా" అంది మంచం మీదినుంచి నా భార్య, కుట్లు పట్టుకుని. "పెద్దది గూడా నాలుగున్నర పైనే అంట. కన్నదాన్ని, నాకు నిన్న చెప్పిరి."

వచ్చినావిడ నోటి మీద చెయ్యి పెట్టుకుని, "దేవుని కృప" అని వాడిని చాలాసేపు చూసింది. ఆమె వెళ్లేదాకా మా అత్త నవ్వుతూనే ఉంది. వెళ్లగానే కొంగు ముడి విప్పడం మొదలుపెట్టింది. అందులో రాళ్లుప్పు ఉంది.

నేను లేచి తలుపు మూశాను.