గోరుచుట్టు విషం

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, ఆ రోజు పొద్దున్న మా పై అంతస్తులో ఉండే నర్సును నేను గుమ్మంలోంచే వెనక్కి పంపేశాను. ఏడాదిన్నర వయసున్న మా పిల్లవాడికి జ్వరం. మూతి చుట్టూ ఎర్రబడి, చంకల్లో నీటి పొక్కులు లేచాయి. మా అమ్మ చూసి, అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపమండలు కట్టింది. అమ్మవారు ఇంట్లో ఉండగా మందు వేయకూడదు, బయటివాళ్ళు గడప దాటకూడదు. నేను ఆ మాటే పట్టుకున్నాను.

బర్మాలో సైన్యం గద్దెనెక్కిన రోజులవి; పజుండౌంగ్‌ పేటలో మా సందుకు రెండు చివరలా ఇసుక బస్తాలు, వాటి అవతల సైనికుల తుపాకులు. పెద్దాసుపత్రి డాక్టర్లు సమ్మెలో ఉన్నారు. ఎక్కడికీ వెళ్ళలేనివాడికి, వెళ్ళకూడదనే ఆచారం పెద్ద ఊరట.

“మొక్కు మర్సిపోనాది నీ పెళ్ళామే. అమ్మోరికి కోపం రాదేటి?” అంది అమ్మ. కిటికీలోంచి పక్కిళ్ళకూ అదే చెప్పింది. నా భార్య నావైపు చూసింది. నేను తల తిప్పుకుని పిల్లవాడి దుప్పటి సర్దాను.

మధ్యాహ్నం వాణ్ణి ఎత్తుకుంటే వీపు మీది చర్మం ఉడికిన టమాటా తోలులా నా అరచేతికి అంటుకుని వచ్చేసింది. వాడి కేకకు మెట్లెక్కి పరిగెత్తాను.

“సయామా, ఒక్కసారి రండి.” ఇక్కడ నర్సును అలాగే పిలుస్తాం.

“మీ దేవత ఏమీ అనుకోదు కదా?” అని బర్మీస్‌లో అంటూనే సంచీ తీసుకుంది.

పిల్లవాణ్ణి చూసి, ఇంట్లో ఎవరికైనా చీముపుండు ఉందా అని అడిగింది. నా చూపుడువేలికి గోరుచుట్టు ఉంది. ఆ చేత్తోనే వాడికి రోజూ నూనె రాసేవాణ్ణి. చీములోని సూక్ష్మజీవి వదిలే విషం ఒళ్ళంతా పాకి పైపొరను ఊడదీస్తుందట. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పట. తన దగ్గర దాచుకున్న ఇంజెక్షన్లతో, జ్వరం దిగేదాకా రోజూ వచ్చి వెళ్ళింది.

వాడు మళ్ళీ పాలడిగిన పూట, “సూసేవా, అమ్మోరు సల్లబడింది. ఇకనైనా నీ పెళ్ళాన్ని మొక్కు తీర్సమను” అంది అమ్మ.

“దాని తప్పేటీ లేదమ్మా. నా ఏలి సీమే ఆడికంటింది.”

“నా తప్పు లేదన్న మాట ఆ పొద్దే అనలేకపోయేరా?” అంది నా భార్య.

అమ్మ ఎవరెవరికి ఆ మొక్కు సంగతి చెప్పిందో అడిగి తెలుసుకున్నాను. ఆ సాయంత్రమే ఒక్కొక్క గుమ్మం ముందూ నిలబడి, జబ్బు అంటించింది నేనని చెప్పి వచ్చాను.