బదులు తెచ్చిన విమానం

మా పక్కింటి పెద్దనాయిన మొన్న సోమవారం పొద్దున పోయారు. చాయ్ గ్లాసు పక్కన పెట్టి కుర్చీలోనే ఒరిగిపోయారని పెద్దమ్మ చెప్పింది. ఎవరికీ చుట్టం కాకపోయినా బహదూర్‌పల్లిలో మా గల్లీ అంతా ఆయన్ని పెద్దనాయినా అనే పిలిచేవాళ్లం.

దుండిగల్‌ వైమానిక దళ కేంద్రంలో విమానాలు బాగుచేసే పనిలో ఆయన ఉద్యోగమంతా గడిచింది. రిటైరయ్యాక, నేను ఆఫీసులో పనిచేసే ఇంజనీరింగ్ కాలేజీ గేటు దగ్గరున్న పాత శిక్షణ విమానాన్ని చూసుకునే పని తనంతట తానే నెత్తిన వేసుకున్నారు. వైమానిక దళం దాన్ని పిల్లలు చూడడానికి ఇచ్చింది. అడిగిననాడు తిరిగి ఇచ్చేయాలి. ఆ సంగతి మాలో ఎవరికీ గుర్తుండేది కాదు. ఆయన మాత్రం మా ఇంటి నిచ్చెన తీసుకెళ్లినా తుడవకుండా తెచ్చిచ్చే మనిషి కాదు.

వాన వెలిస్తే చాలు, చొక్కా జేబులో చీపురు పుల్ల పెట్టుకుని బయల్దేరేవారు. విమానం పొట్ట కింద నీళ్లు కారిపోవడానికి సన్నటి రంధ్రాలుంటాయి. మట్టి, కందిరీగల గూళ్లు పట్టి అవి మూసుకుపోతాయి. ఆయన వెల్లకిలా పడుకుని ఒక్కోదాన్నీ పొడిచేవారు. నీళ్లు ముఖం మీద పడితే "పోయినయ్" అని నవ్వేవారు. డెబ్బై దాటాక ఈ సోకేమిటని నేనే ఎగతాళి చేసేదాన్ని.

నిరుడు కాలేజీ వార్షికోత్సవానికి విమానానికి రంగులు వేయించింది నేనే. పెయింటర్ ఆ రంధ్రాలను చిల్లులనుకుని లప్పం పెట్టి పూడ్చేశాడు. నున్నగా వచ్చిందని మెచ్చుకున్నాను కూడా. ఆయన వచ్చి కింద చేత్తో తడిమి చూశారు.

"నీళ్లు పొయ్యే తొవ్వ మూసిండ్రు బిడ్డా. ఇగ తుప్పు లోపల్నుంచి తినుకుంట వస్తది. గిది మనది గాదు, బదులు తెచ్చుకున్నది. రేపు ఏం మొఖంతోని ఇస్తం?"

ఈ ఎండాకాలమంతా ఒక్కోదాన్నీ గీకి తెరిచారు. తోక కింద ఒకటే మిగిలింది. మోకాళ్లు సతాయిస్తున్నాయని, వానల్లోపు అదీ చేస్తానని అన్నారు. నేను సరేనన్నాను. తప్పు నాదైనా ఆ ఒక్కటీ నేను తెరుస్తానని అనలేకపోయాను. ఆ సిగ్గు నన్ను వదలదు.

దహనమైన సాయంత్రం పెద్ద వాన కురిసింది. మర్నాడు పొద్దున పెద్దమ్మను అడిగి, కొక్కేనికి వేలాడుతున్న ఆయన చొక్కా జేబులోని పుల్ల తీసుకుని విమానం దగ్గరికి వెళ్లాను. తోక కింద వెల్లకిలా పడుకుని, ముందు తలపిన్నుతో లప్పం గీకి, తర్వాత పుల్లతో పొడిచాను. నల్లటి నీళ్లు ముఖం మీద పడ్డాయి.

"పోయినయ్, పెద్దనాయినా" అన్నాను. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆ నీళ్లు తేటపడి, చుక్కలై, ఆగేదాకా దాని కిందే పడుకున్నాను.